ఫైలు పెట్టడం, ఫైలు నిలపడం

కంప్యూటర్‌లో తెలుగు కనిపించాలంటే ముందు ఎవరిదో ఒకరి సైటుకు వెళ్లి ఒక ఫైలు దించుకోవలసిన కాలం ఒకటుండేది. ఆ ఫైలు పేరు చాలామందికి ఇంకా గుర్తే ఉంటుంది: పోతన. తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు తయారుచేసి ఉచితంగా పంచిన ఖతి (ఫాంట్) అది. దాని తోడు వేమన. తర్వాత యూనికోడ్‌కు సరిపడేలా పోతన2000, వేమన2000 వచ్చాయి. 2001లో విండోస్ ఎక్స్‌పీ గౌతమి ఖతిని వెంట తెచ్చినా, సీడీ పెట్టి అదనపు భాషల ఫైళ్లు ఎక్కిస్తేగాని ఒత్తులు అక్షరాల కింద సరిగ్గా కూర్చునేవి కావు. ఖతి లేని కంప్యూటర్‌లో తెలుగు సైటు తెరిస్తే వరసగా ఖాళీ డబ్బాలే. ఒకరు పెట్టిన ఫైలును ఇంకొకరు దించుకోవడంతోనే ఇంటర్నెట్‌లో మన చదువు మొదలైంది.

ఇప్పుడు ఖతుల కోసం ఎవరూ అలా వెతుక్కోనక్కర్లేదు. కానీ సొంత సైట్లలో ఫైళ్లు పెట్టేవాళ్లు తగ్గలేదు. తాతగారు రాసిన శతకం, అమ్మమ్మ పచ్చళ్ల పుస్తకం, ఊరి చరిత్ర, మాస్టారి లెక్కల నోట్సు, ఎప్పుడో ఆగిపోయిన పత్రికల పాత సంచికలు, రికార్డు చేసిన హరికథలు, ఒకరే కూర్చుని రాసిన చిన్న సాఫ్ట్‌వేరు. ఇవన్నీ ఎవరో ఒకరి సైటులో ‘డౌన్‌లోడ్’ అన్న మాట పక్కన ఉన్నాయి. వీటిలో ఎన్ని తెరుచుకుంటున్నాయి, తెరుచుకున్నవాటిలో ఎన్నింటిని ఫోనులో చదవగలం, చదివింది నిజమైన ప్రతేనా, దాన్ని ఇంకొకరికి పంపొచ్చా? ఫైలు పెట్టేవాళ్లు ఆలోచించవలసిన ప్రశ్నలు ఇవన్నీ. నా సైటులోనూ అలాంటి ఫైలు ఒకటుంది: మా మేనత్త నోటుపుస్తకంలో రాసి దాచుకున్న పెళ్లిపాటలు, తలంబ్రాల పాట నుంచి అప్పగింతల పాట దాకా. దాన్ని పెట్టడం ఒక పూట పని. ఫైలు చెయ్యి దాటి వెళ్లిపోయాక కూడా దాని మంచిచెడ్డలు నావేనని తెలియడానికి కొన్నేళ్లు పట్టింది.

ఫైళ్లు పంచే అలవాటు వెబ్ కంటే పాతది. మైకేల్ హార్ట్ ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం కంప్యూటర్‌లో అమెరికా స్వాతంత్ర్య ప్రకటనను టైపు చేసి పెట్టింది 1971లో. ప్రాజెక్ట్ గూటెన్‌బర్గ్‌కు అదే తొలి ఫైలు. ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి ఫైళ్లు పంపే ఎఫ్‌టీపీ నియమాలు ఇప్పుడు మనకు తెలిసిన రూపానికి వచ్చింది 1985లో. పాస్‌వర్డ్ అక్కర్లేకుండా ఎవరైనా వచ్చి ఫైళ్లు తీసుకుపోయే సర్వర్లు విశ్వవిద్యాలయాల్లో అలవాటైపోయాయి. 2021లో ఫైర్‌ఫాక్స్, క్రోమ్ రెండూ ఎఫ్‌టీపీని వదిలేశాయి. ఆ దారి మూసుకున్నా ఫైళ్లు పంచే మర్యాద మాత్రం సొంత సైట్లలో నిలిచింది. పుట్టీ అనే చిన్న ప్రోగ్రాం 1999 నుంచి ప్రపంచమంతా సర్వర్లు నడిపేవారి చేతిలో పనిముట్టు. దాని అసలు ప్రతి ఏళ్ల తరబడి సైమన్ టాథమ్ సొంత సైటులోనే దొరికేది. ఆలెన్ హాచర్ రాసిన బీజ టోపాలజీ పుస్తకాన్ని కేంబ్రిడ్జ్ ప్రెస్ 2002లో అచ్చువేసింది. అదే పుస్తకం ఆయన సైటులో ఉచితంగానూ ఉంది, దుకాణాల్లోనూ అమ్ముడవుతోంది. డేవిడ్ మెకే కూడా సమాచార సిద్ధాంతం మీదా, ఇంధనం మీదా రాసిన తన పుస్తకాలను అలాగే ఇచ్చారు. ఆయన 2016లో పోయారు. పుస్తకాలు ఇప్పటికీ దించుకోవచ్చు.

తెలుగు ఫైలు దగ్గర అసలు చిక్కు దాని లోపల ఉంటుంది. పైకి అన్ని పీడీఎఫ్‌లూ ఒకలాగే కనిపిస్తాయి. లోపల మూడు జాతులున్నాయి. మొదటిది కేవలం ఫొటోల మూట: పుస్తకాన్ని స్కాన్ చేసి పేజీకో బొమ్మగా కుట్టింది. రెండోది డీటీపీ సెంటర్ నుంచి వచ్చింది. మన అచ్చుపుస్తకాలు చాలాకాలంగా పేజ్‌మేకర్‌లో, అను వంటి పాత పద్ధతి ఖతుల్లో తయారవుతున్నాయి. పేజ్‌మేకర్ ఆఖరి వెర్షన్ 2001లో వచ్చింది, దాని మీద పని నిన్నమొన్నటి దాకా సాగుతూనే ఉంది. ఆ ఖతుల్లో తెలుగు అక్షరాల ముక్కలు ఇంగ్లీషు అక్షరాల గళ్లలో కూర్చుని ఉంటాయి. కంటికి అది ముచ్చటైన తెలుగు. కంప్యూటర్‌కు మాత్రం అర్థంలేని ఇంగ్లీషు అక్షరాల వరస. అందులో ‘గోదావరి’ అని వెతికితే ఒక్కటీ దొరకదు. ఒక పేరా ఎత్తి ఇంకోచోట అతికిస్తే పిచ్చిగీతలు పడతాయి. మూడోది యూనికోడ్‌లో టైపు చేసింది. వెతకడానికీ, గట్టిగా చదివించుకోవడానికీ, ముందుతరాలు మళ్లీ వాడుకోవడానికీ పనికొచ్చేది ఇదొక్కటే. ఇందులో కూడా పీడీఎఫ్ నుంచి ఎత్తిరాసేటప్పుడు గుణింతాలు, ఒత్తులు అక్కడక్కడా తారుమారవుతాయి. అందుకే పీడీఎఫ్‌తో పాటు ఈపబ్‌నో, సాదా పాఠ్యాన్నో కూడా పెట్టడం మంచిదని నా నమ్మకం.

ఇది సాంకేతిక పట్టింపు కాదు. చూపులేని పాఠకుడు స్క్రీన్ రీడర్‌తో మొదటి జాతి ఫైలు తెరిస్తే వినిపించేది నిశ్శబ్దం. రెండో జాతి తెరిస్తే గందరగోళం. మన దేశం 2012లోనే కాపీరైటు చట్టాన్ని సవరించి, వైకల్యమున్నవారికి అందే రూపాల్లో పుస్తకాలు తయారుచేసుకోవడానికి మినహాయింపు ఇచ్చింది. ఇదే పని కోసం దేశాలు కుదుర్చుకున్న మరకేష్ ఒప్పందాన్ని 2014లో అన్ని దేశాలకంటే ముందు ఆమోదించింది కూడా మనమే. చట్టం తలుపు తీసింది. గడప దాటించవలసింది ఫైలు తయారుచేసేవాళ్లు.

స్కాన్ నుంచి పాఠ్యం తీయడానికి సాధనాలు లేకపోలేదు. టెసరాక్ట్ అనే ఉచిత సాఫ్ట్‌వేరు తెలుగు చదువుతుంది. పాత లెటర్‌ప్రెస్ పుస్తకంలో ద, ధ, థలకూ, వ, ప, నలకూ మధ్య అది తరచూ పొరబడుతుంది. అరిగిన సీసపు అక్షరాల దగ్గర ఒత్తులు మింగేస్తుంది. కాబట్టి మనిషి కూర్చుని దిద్దాలి. తెలుగు వికీసోర్స్‌లో ఒకవైపు పేజీ బొమ్మ, ఇంకోవైపు పాఠ్యం పెట్టుకుని అలాగే దిద్దుతున్నారు. మా మేనత్త నోటుపుస్తకం చేతిరాత కాబట్టి ఏ సాధనమూ అక్కరకు రాలేదు, అక్షరం అక్షరం టైపు చేశాను. ‘ళ’ను ఆమె ఎప్పుడూ ఒకే తీరులో సాగదీసి రాసేదని అప్పుడే గమనించాను. అందుకే స్కానూ ఉంచాను, పాఠ్యమూ ఉంచాను. చేతిరాత చూడాలనుకునేవాళ్లు వేరు, పాట పాడుకోవాలనుకునేవాళ్లు వేరు.

ఇక బరువు. రెండువందల పేజీల నవల ఉందనుకుందాం, సుమారు యాభైవేల మాటలు. యూనికోడ్ తెలుగులో ఒక్కో గుర్తుకూ మూడు బైట్లు కావాలి, ఇంగ్లీషు అక్షరానికి ఒకటే. అయినా ఆ నవల మొత్తం సాదా పాఠ్యంగా ఒక ఎంబీకి కాస్త అటూఇటూ వస్తుంది. ఈపబ్ అంటే లోపల జిప్ చేసిన మూటే కనుక అందులో మరీ చిన్నదవుతుంది. అదే నవలను 300 డీపీఐలో నలుపు తెలుపుగా స్కాన్ చేసి సరిగ్గా కుదిస్తే పది ఎంబీ చుట్టుపక్కల తేలుతుంది. రంగుల్లో స్కాన్ చేసి సరిగ్గా కుదించకుండా వదిలేస్తే వంద, రెండువందల ఎంబీలకు పోతుంది. పసుపురంగు పాత కాగితం అందంగా ఉంటుంది, నిజమే. దాన్ని భద్రపరచాలి కూడా. కానీ బస్సులో కూర్చుని ఫోనులో ఒక కథ చదువుకోవాలనుకున్నవాడికి ఆ పసుపురంగు మోయించనక్కర్లేదు. రెండు ప్రతులు పెట్టి, లింకు పక్కనే ‘పీడీఎఫ్, 9 ఎంబీ, 212 పేజీలు’ అని రాస్తే చాలు. ఈ ఒక్క పంక్తి రాయని సైట్లు ఎన్నో.

నేను మొదట పెట్టిన స్కాన్ 180 ఎంబీ. శ్రీకాకుళం వైపు నుంచి ఒక పెద్దాయన రాశారు: ‘అమ్మాయీ, మీ పాటల పుస్తకం సగం దిగి ఆగిపోతోంది, మళ్లీ మొదటినుంచి మొదలవుతోంది, నాలుగుసార్లు చూశాను’ అని. తెగిన చోటు నుంచి మళ్లీ అందుకునే ఏర్పాటు హెచ్‌టీటీపీలో ఎప్పటినుంచో ఉంది. ఫలానా బైటు నుంచి పంపు అని బ్రౌజరు అడిగితే, 206 అన్న జవాబుతో సర్వరు ఆ మిగతా ముక్కనే పంపుతుంది. మామూలుగా పెట్టిన ఫైళ్లకు చాలా సర్వర్లు వాటంతటవే ఇలా చేస్తాయి. నేను డౌన్‌లోడ్‌లు లెక్కపెట్టుకోవాలని ఫైలుకు ముందు ఒక చిన్న స్క్రిప్టు అడ్డం పెట్టాను. అది ముక్కలుగా పంపడం తెలియని స్క్రిప్టు. లెక్కకోసం ఒక మనిషిని నాలుగుసార్లు తిప్పాను. ఆ స్క్రిప్టు అదే రోజు తీసేశాను, స్కాన్‌ను 14 ఎంబీకి తెచ్చాను.

పేర్ల సంగతి చిన్నదే కాని చెప్పాలి. ‘తెలుగు’ అన్న మాటలో యూనికోడ్ గుర్తులు ఆరు, అంటే 18 బైట్లు. వెబ్ చిరునామాలోకి వచ్చేసరికి ఒక్కో బైటూ శాతం గుర్తుతో కలిపి మూడు అక్షరాలవుతుంది. ఆరు గుర్తుల మాట 54 అక్షరాల తోక అయి కూర్చుంటుంది. ఆ చిరునామాను వాట్సాప్‌లో పంపితే మధ్యలో తెగిపోయే ప్రమాదముంది, కాగితం మీద రాసుకోవడం అసాధ్యం. ఫైలు పేరు చిన్న ఇంగ్లీషు అక్షరాల్లో, ఖాళీలు లేకుండా, చివర ప్రచురణ సంవత్సరంతో పెట్టి, పీడీఎఫ్ లోపలి శీర్షికనూ రచయిత పేరునూ తెలుగులో నింపితే రెండు పనులూ జరుగుతాయి. ‘ఫైనల్ కొత్తది 2’ అనే పేరుతో ఊళ్లు తిరుగుతున్న ఫైళ్లను చూస్తే జాలేస్తుంది. అందులో ఏముందో తెరిచేదాకా తెలియదు, తెరిచినా ఎక్కడిదో తెలియదు. బ్రౌజర్ ఫైలును అక్కడే తెరవాలా, దాచుకోవాలా అన్నది సర్వర్ చెప్పవచ్చు. లేదా లింకుకే డౌన్‌లోడ్ అన్న గుర్తు తగిలించవచ్చు, అది సొంత డొమైన్‌లోని ఫైళ్లకే పనిచేస్తుంది. పీడీఎఫ్‌ల విషయంలో ఆ బలవంతం వద్దనే నా అభిప్రాయం. ముందు నాలుగు పేజీలు తిరగేసి చూసే హక్కు పుస్తకాల షాపులో కూడా ఉంది, ఇక్కడెందుకు ఉండకూడదు?

హక్కుల దగ్గరికి వస్తే మంచి మనసున్నవాళ్లే ఎక్కువగా పొరబడతారు. ‘పుస్తకం దొరకడం లేదు కాబట్టి పెట్టాను’ అన్నది సాధారణంగా వినే మాట. దొరకకపోవడం, హక్కు తీరిపోవడం ఒకటి కావు. 1957 నాటి మన కాపీరైటు చట్టం ప్రకారం రచయిత మరణించిన మరుసటి సంవత్సరం మొదలు నుంచి 60 ఏళ్లు లెక్క. మొదట 50గా ఉన్నదాన్ని 1992లో 60 చేశారు. 1915లో పోయిన గురజాడ, 1919లో పోయిన వీరేశలింగం, 1940లో పోయిన గిడుగు రచనలు ఎవరైనా పెట్టవచ్చు. సురవరం ప్రతాపరెడ్డి 1953లో పోయారు కనుక ఆంధ్రుల సాంఘిక చరిత్ర 2014 నుంచి, ఉన్నవ లక్ష్మీనారాయణ 1958లో పోయారు కనుక మాలపల్లి 2019 నుంచి అందరివీ అయ్యాయి. చలం 1979లో పోయారు, ఆయన పుస్తకాలకు 2039 ముగిసేదాకా ఆగాలి. శ్రీశ్రీకి 2043. ఎవరైనా మహాప్రస్థానం స్కాన్ పెట్టి ఇది ప్రజల సొత్తు అంటే, మనసులో అది నిజమే కావచ్చు, చట్టంలో ఇంకా కాదు. రచయిత పోయాక మొదటిసారి అచ్చయిన రచనలకు లెక్క అచ్చయిన మరుసటి సంవత్సరం నుంచి మొదలవుతుంది. పాత పుస్తకానికి కొత్త సంపాదకుడు రాసిన ముందుమాటకు, వేసిన బొమ్మలకు హక్కు వేరే ఉంటుంది. అమెరికాలో ఉండి సైటు నడిపే తెలుగువారికి ఇంకో లెక్క కూడా ఉంది. 1978కి ముందు అచ్చయిన పుస్తకాలకు అక్కడ సాధారణంగా ప్రచురణ నుంచి 95 ఏళ్లు చూస్తారు. ఇక్కడ స్వేచ్ఛ పొందిన పుస్తకం అక్కడ ఇంకా కట్టుబడి ఉండవచ్చు.

ఈ తేడాలు పట్టించుకోకపోతే ఏమవుతుందో డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా చూపించింది. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో రాజ్ రెడ్డి గారు ముందుండి నడిపిన పదిలక్షల పుస్తకాల పథకానికి ఇది భారతీయ శాఖ. వేలకొద్దీ తెలుగు పుస్తకాలు అందులోకి ఎక్కాయి. పేజీకో టిఫ్ బొమ్మగా ఉండేవి కాబట్టి, పుస్తకం మొత్తాన్ని దించుకోవడానికి ఎవరికి వారు చిన్న ప్రోగ్రాములు రాసుకుని పంచుకున్నారు. హక్కులు తీరని పుస్తకాలూ అందులో కలిసిపోయి అభ్యంతరాలు వచ్చాయి. చివరికి ఆ సైటు మూతపడ్డప్పుడు హక్కులు తీరినవీ తీరనివీ ఒక్కసారే కనుమరుగయ్యాయి. చాలా భాగం ఇంటర్నెట్ ఆర్కైవ్‌కు చేరబట్టి మనకు మిగిలింది.

బతికున్న రచయితలకు, వారసులకు ఒక చిన్న ఉత్తరం రాయడం నేను చూసినంతలో ఎప్పుడూ వృథా కాలేదు. ‘మా నాన్నగారి పుస్తకం ఎవరైనా చదువుతారంటే అంతకంటే ఏం కావాలి’ అనేవాళ్లే ఎక్కువ. ఆ మాటను రాతపూర్వకంగా తీసుకుని, ఏ షరతుల మీద ఇచ్చారో ఫైలులో చెప్పాలి. క్రియేటివ్ కామన్స్ లైసెన్సులు 2002 నుంచి ఉన్నాయి. ఖతులకైతే ఓపెన్ ఫాంట్ లైసెన్స్. సిలికానాంధ్ర చొరవతో వచ్చిన గిడుగు, గురజాడ, మండలి వంటి ఖతులు ఆ లైసెన్సు మీద విడుదలయ్యాయి కాబట్టే గూగుల్ ఫాంట్స్‌లో చేరి ఊరూరా కనిపిస్తున్నాయి. ఉచితం అన్న మాట ఒక్కటే సరిపోదు. మార్చుకోవచ్చా, అచ్చువేసి అమ్ముకోవచ్చా అన్నది తేలకపోతే నిజాయితీగల మనిషి దాన్ని ముట్టుకోడు.

నమ్మకం సంగతి. 2016 ఫిబ్రవరి 20న లినక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ సైటులోకి చొరబడిన దొంగలు డౌన్‌లోడ్ లింకును తమ ఫైలు వైపు తిప్పారు. ఆరోజు దించుకున్నవాళ్లలో కొందరికి దొడ్డిదారి ఉన్న సిస్టమ్ చేరింది. ఎస్‌హెచ్‌ఏ-256 వంటి సరిచూపు సంఖ్యను లింకు పక్కన పెడితే దించుకున్న ఫైలు చెదరలేదని తేల్చుకోవచ్చు. అయితే లింకునే మార్చగలిగినవాడు పక్కనున్న సంఖ్యనూ మార్చగలడు. అందుకే సాఫ్ట్‌వేరు ఇచ్చేవాళ్లు డిజిటల్ సంతకం కూడా పెడతారు. పాటల పుస్తకానికి అంత అక్కర్లేదు, హెచ్‌టీటీపీఎస్ మాత్రం తప్పదు. సురక్షిత పేజీ నుంచి హెచ్‌టీటీపీఎస్ లేని దారిన వచ్చే డౌన్‌లోడ్‌లను క్రోమ్ 2020 నుంచి హెచ్చరించడం, ఆపడం మొదలుపెట్టింది. వీటన్నిటికంటే నన్ను బాధపెట్టేది ప్రకటనలు. పేజీలో అసలు లింకు చిన్న అక్షరాల్లో ఉంటుంది, దాని చుట్టూ పచ్చరంగు ‘డౌన్‌లోడ్’ బొత్తాలు నాలుగు. ఏది నొక్కాలో తెలియక పెద్దవాళ్లు ఫోనులోకి ఏదేదో ఎక్కించుకుంటారు. ఫైలు ఇచ్చే పేజీలో ప్రకటనలు పెట్టకూడదని నేను గట్టిగా నమ్ముతాను. పుస్తకం ఇచ్చేముందు ఈమెయిలు అడగడం కూడా అలాంటిదే. చలివేంద్రంలో నీళ్లు పోసేవాళ్లు ఊరూ పేరూ రాయించుకోరు.

ఖర్చు మాటకొస్తే, 50 ఎంబీ ఫైలును పదివేల మంది దించుకుంటే 500 జీబీ పోతుంది. చవక హోస్టింగులో అది నెల మధ్యలోనే సైటును ఆపేయవచ్చు. గిట్‌హబ్ పేజెస్‌లో ఒక్కో ఫైలుకు 100 ఎంబీ హద్దు, మొత్తం సైటుకు ఒక జీబీ. పెద్ద ఫైళ్లను ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉంచి సొంత సైటు నుంచి లింకు ఇవ్వడం చాలామందికి కుదిరే మార్గం. డ్రైవ్ లింకులు ఇచ్చేవాళ్లూ ఉన్నారు. తెరవబోతే ‘అనుమతి కావాలి’ అని అడిగే లింకులు వాటిలో ఎన్ని చూశానో.

కాలం అన్నిటికంటే పెద్ద పరీక్ష. యాహూ 2009 అక్టోబరులో జియోసిటీస్‌ను మూసినప్పుడు లక్షల సొంత పేజీలు పోబోయాయి. స్వచ్ఛందంగా కొందరు కూర్చుని నకలు తీయబట్టి కొంత దక్కింది. 2013లో ఉన్న పేజీల్లో 38 శాతం పదేళ్ల తర్వాత తెరుచుకోలేదని ప్యూ రీసెర్చ్ 2024లో తేల్చింది. చిరునామాలు మార్చవద్దని టిమ్ బెర్నర్స్-లీ 1998లోనే రాశారు. మన ఇళ్లలో ఇది ఇంకా సూటిగా జరుగుతుంది. సైటు నడిపే పెద్దాయన పోతారు, డొమైన్ ఏటేటా కట్టాలని పిల్లలకు తెలియదు, ఇరవయ్యేళ్ల శ్రమ ఒక రోజు మాయమవుతుంది. డొమైన్ వివరాలు, పాస్‌వర్డ్‌లు ఇంట్లో ఒకరికి చెప్పి, ఒక ప్రతిని ఆర్కైవ్‌లో వేసి ఉంచాలి. శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు గారు 1997లో మొదలుపెట్టిన కథానిలయం ఒక మనిషి సేకరణతో పుట్టింది. ఆయన 2021లో పోయినా ఆ కథలు నిలిచాయి, ఎందుకంటే పని ఎప్పుడో ఆయన ఒక్కరి చేతుల్లోంచి పదిమంది చేతుల్లోకి వెళ్లింది.

మా పాటల పుస్తకం నేను పంపకుండానే వాట్సాప్‌లో నాకే తిరిగివచ్చింది. పేరు మారింది, ఎక్కడిదో రాసిన నా పేజీ జాడ లేదు, ఎవరో మొదటి పేజీ తీసేశారు. అప్పటినుంచి సైటు చిరునామా, కూర్పు సంఖ్య, తేదీ, పాటలను ఎవరైనా పాడుకోవచ్చు, అచ్చువేసుకోవచ్చు అన్న మాట, ప్రతి పేజీ అడుగునా చిన్న అక్షరాల్లో వేస్తున్నాను. ఆ అడుగు పంక్తి చూసే బరంపురం నుంచి ఒకావిడ ఫోటో తీసి పంపారు: అప్పగింతల పాటకు వాళ్లింట్లో ఇంకో రెండు చరణాలున్నాయట, వాళ్ల అత్తగారి రాతలో. మా మేనత్త నోటుపుస్తకంలో ఆ చోట పేజీ చిరిగి ఉంది. ఆవిడ ఒప్పుకున్నాక ఆ చరణాలు ఎవరి ఇంటివో రాసి కలిపి, మూడో కూర్పును పాత చిరునామాలోనే పెట్టాను. రెండో కూర్పును దాని పక్కనే ఉంచాను.